ఐదుకీ ఆరుకీ మధ్య

పంపిన సరుకు మళ్ళీ షెడ్డు గుమ్మం ఎక్కిందంటే రెండే కారణాలుంటాయి. కొన్నవాడికి నచ్చకపోయి ఉండాలి, లేదా చెడిపోయి ఉండాలి. సోమవారం పొద్దున వ్యానులోంచి దింపిన ఇనుప ప్యానెల్ ఆ రెండింట్లో దేనికిందికీ రాలేదు. ఆరు నెలలుగా అది కలప కోసే మిల్లులో పెద్ద రంపాన్ని తిప్పుతోంది, ఆపుతోంది. పోయిన వారం తిప్పింది గానీ ఆపలేదు. రంపం మీద పనిచేసే పెద్దాయన కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

పుర్రక్క అప్పుడు తన బల్ల దగ్గర కొత్త ప్యానెల్‌కి వైర్లు సిద్ధం చేస్తోంది. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. పుర్రచేతి వాటం కాబట్టి షెడ్డులో చేరిన వారానికే ఈ పేరు పడింది, పద్నాలుగేళ్ళుగా అంటుకుపోయింది. ఎడమచేత్తో వైరు తోలు వొలుస్తుంది. బయటపడ్డ రాగి పోగుల్ని బొటనవేలితో ఒక్క మెలిక తిప్పుతుంది. దానికి పిన్ను లగ్గు అనే లోహపు కొస తొడిగి ప్లయరుతో నొక్కుతుంది. ఆ తర్వాత నంబరు తొడుగు. తొడుగు మీది అంకె చూసేవాడి వైపే ఉండాలి. తల వంచి వెతుక్కునేలా ఉంటే మళ్ళీ పీకి తిప్పుతుంది. ఇందులో ఆమెకు అదనంగా ఒరిగేదేమీ లేదు. తన చేతి సరుకుని ఎవరూ వేలెత్తి చూపకూడదు, అంతే.

"పుర్రక్కా, సారు రమ్మంటున్నారు," అన్నాడు మీటరు బాబాయ్. షెడ్డులో టెస్టింగు ఆయనది, వ్యాను నడిపేదీ ఆయనే. మెడలో ఎప్పుడూ మీటరు వేలాడుతూ ఉంటుంది. నిద్రలో కూడా అది తియ్యడని, పక్కన పడుకున్న పిన్నికి కరెంటు ఉందో లేదో చూస్తుంటాడని షెడ్డులో ఒక జోకు.

గాజు గదిలో యజమాని ఒక కాగితం ముందు పెట్టుకుని ఉన్నాడు.

"కూర్చోమ్మా," అన్నాడు.

పద్నాలుగేళ్ళలో ఆ గదిలో ఆమెను ఆయన కూర్చోమనడం రెండోసారి. ఏదో బేరం ఉందని ఆమెకు అర్థమైంది.

"మనకేం భయం లేదు. బ్రేకు మాడ్యూలు మీద ఐదుకీ ఆరుకీ మధ్య ఎవరో లింకు వైరు వేశారు. మిల్లు ఎలక్ట్రీషియనే చూసి చెప్పాడు. మిషను మాటిమాటికీ ఆగుతోందని ఆ పెద్దాయనే వేసుకుని ఉంటాడని మేనేజరు అంటున్నాడు. మనం పంపేటప్పుడు లింకు లేదని ఒక్క ముక్క రాసిస్తే వాళ్ళ గొడవ వాళ్ళు చూసుకుంటారు. వైరింగు నీది కాబట్టి సంతకమూ నీదే."

స్టాప్ నొక్కినంత మాత్రాన పెద్ద రంపం ఆగదు. ఊపు మీద నిమిషం పైనే తిరుగుతుంది. బ్రేకు మాడ్యూలు మోటారు చుట్టల్లోకి వేరే కరెంటు పంపి, ఎనిమిది సెకన్లలో దాన్ని పట్టి ఆపుతుంది. ఆ బ్రేకు సిద్ధంగా ఉంటేనే ఐదో టెర్మినల్‌కీ ఆరో టెర్మినల్‌కీ మధ్య దారి కలుస్తుంది, స్టార్ట్ పనిచేస్తుంది. బ్రేకు చెడితే ఆ దారి తెగిపోతుంది, ఎంత నొక్కినా మోటారు కదలదు. ఆ రెంటినీ ముక్క వైరుతో కలిపేస్తే మాత్రం బ్రేకు ఉన్నా లేకపోయినా రంపం తిరుగుతుంది. కాపలావాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళకు గుడ్డ కట్టినట్టు.

"ఒకసారి తెరిచి చూస్తాను సార్," అంది పుర్రక్క.

"చూడ్డానికేముంది?"

"సంతకం నాదన్నారుగా. సరుకు చూడకుండా ఎలా పెట్టను?"

ఆ మాట కాస్త గర్వంగానే అంది. తన పనిలో తప్పు దొరకదని ఆమెకు అంత ధీమా.

ప్యానెల్ తలుపు తెరవగానే రంపప్పొట్టు వాసన కొట్టింది. మెత్తని బ్రష్షుతో పొట్టు దులిపింది. మాడ్యూలు కింది వరసలో పన్నెండు టెర్మినళ్ళు, పన్నెండు బూడిదరంగు వైర్లు, అంకెలన్నీ చూసేవాడి వైపే. మధ్యలో ఐదు నుంచి ఆరుకి వేలెడంత వైరు ముక్క, అదీ బూడిదరంగే. మాడిపోయిన బ్రేకు ఫ్యూజు ఆ పక్కనే ఉంది.

"దానికి నంబరు తొడుగు లేదు. నీది కాదు పో," అన్నాడు బాబాయ్, ఊపిరి వదిలి.

పుర్రక్క రెండు స్క్రూలూ వదులు చేసి ఆ ముక్క బయటికి లాగింది. లగ్గుకీ తోలుకీ మధ్య గింజంత రాగి కనిపిస్తోంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత బల్ల మీది వైరు ఒకటి అందుకుని, తోలు వొలిచి, ఒక్క మెలిక తిప్పి, రెంటినీ పక్కపక్కన బాబాయ్ ముందు పెట్టింది.

"నువ్వొకటి తిప్పు బాబాయ్."

ఆయన ఇంకో వైరు తిప్పాడు. ఆయన మెలిక కుడికి పోయింది. ఆమెది ఎడమకి పోయింది. లింకుదీ ఎడమకే.

"టెస్టింగులో వేసిందే ఇది," అంది. "తియ్యలేదు."

"తియ్యకపోవడమేంటి? టెస్టింగు లింకు ఎర్ర వైరుతో కదా వేస్తాం."

షెడ్డులో పద్ధతి అదే. బల్ల మీద మోటారు ఉండదు, మోటారు లేకపోతే మాడ్యూలు బ్రేకు లేదంటుంది. అందుకని టెస్టింగు అయ్యేదాకా ఐదుకీ ఆరుకీ లింకు వేస్తారు. అది తప్పకుండా ఎరుపై ఉండాలి. లింకు వేసేదీ తీసేదీ వైరింగు చేసినవాళ్ళే. పంపేముందు తలుపు తీసి చూస్తారు. ఎరుపు కనిపిస్తే తీసేస్తారు, లేకపోతే పుస్తకంలో టిక్కు పెడతారు.

పుర్రక్క సామాను అడిగే పుస్తకం తిరగేసింది. ఆరు నెలల కిందటి పేజీలో ఆమె చేతిరాత: ఎర్ర వైరు, ఒక చుట్ట. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అదే. రెండింటి పక్కనా యజమాని రాత: బూడిదరంగు బోలెడుంది, అదే వాడండి. కింద పొడి సంతకం. టెస్టింగు పుస్తకంలో ఆ రోజు లింకు తీశామన్న చోట టిక్కు ఉంది. ఆ టిక్కు ఆమెదే.

"ఏం చేశానో తెలుస్తోంది బాబాయ్. తలుపు తీసి ఎరుపు ఉందా అని చూశాను. లేదు. టిక్కు పెట్టేశాను. బూడిదరంగు లింకు వేసిన చెయ్యి నాదే, ఎరుపు కోసం వెతికిన కళ్ళూ నావే."

బాబాయ్ పుస్తకం మూసేశాడు. "నేనేం చూళ్ళేదు. నువ్వూ చూళ్ళేదు. తల్లీ, అందరూ తప్పించుకునే దారి సారు ముందే వేసి ఉంచాడు. సంతకం పెట్టి బయటపడు."

"అందరికీనా? ఆ పెద్దాయనకి కూడానా?"

ఆమె పుస్తకం మళ్ళీ తెరిచి వేలితో వరసలు దిగింది. రెండు పేజీలనూ ఫోనులో ఫొటో తీసుకుంది.

"ఎర్ర చుట్ట వచ్చేదాకా పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజుల్లో బ్రేకు ప్యానెళ్ళు ఐదు పోయాయి. ఇది పోను నాలుగు."

మంగళవారం కొత్త ప్యానెల్ బిగించడానికి బాబాయ్‌తో కలిసి మిల్లుకి వెళ్ళింది. యజమాని టైపు చేయించిన కాగితం సంచిలో ఉంది, సంతకం లేకుండా.

మిల్లు గేటు బయట దుంగ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మోచేతి దాకా కట్టు. ఒళ్ళో అన్నం క్యారియరు.

"రంపం మీద చేసేది మీరేనా?" అని అడిగింది.

"చేసేవాణ్ణి."

"ఇక్కడెందుకు కూర్చున్నారు?"

"షిఫ్టు టైముకి వస్తా, షిఫ్టు అయ్యాక పోతా. లోపలికి రానివ్వరు. రోడ్డు వాళ్ళది కాదుగా." గేటు పక్కన ఖాళీ కుర్చీని గడ్డంతో చూపించాడు. "లింకు నేనే వేసుకున్నానని సంతకం పెడితే ఆ కుర్చీ ఇస్తారట, కాపలాకి. మేనేజరు రోజూ వచ్చి అడుగుతాడు. మెత్తగా ఉంటుందంటాడు. నువ్వే కూర్చో అన్నాను నిన్న."

బాబాయ్ నవ్వాపుకున్నాడు. పుర్రక్కకి నవ్వు రాలేదు.

"ఆ రోజు ఏమైంది?"

"ఏమవుతుంది? స్టాప్ నొక్కా. ఎనిమిది లెక్కపెట్టా. ఈ బ్రేకు వచ్చాక ఎనిమిదికి చక్రం ఆగుతుంది, గడియారం తప్పినా అది తప్పలేదు. చెవులకి డిప్పలున్నాయి, చప్పుడు తెలీదు. జోరు మీదున్న చక్రం ఆగినట్టే కనపడుతుంది, ఎప్పుడైనా చూశావా? ఇరుక్కున్న చెక్క తీద్దామని చెయ్యి పెట్టా. తొమ్మిది కూడా లెక్కపెట్టాను తల్లీ. ఆ తొమ్మిది దాకా గుర్తుంది."

పుర్రక్క సంచి భుజం మార్చుకుంది. ఇక్కడ నోరు మూసుకుంటే ఏం మిగులుతుందో, తెరిస్తే ఏం పోతుందో రాత్రంతా కూడి తీసి చూసుకుంది. ఎటు వేసినా లెక్క ఆమె నోరు మూసుకోవడం వైపే తేలింది. తప్పు లెక్క అని తెలిసిన లెక్క కూడా అలాగే చక్కగా తేలుతుంది.

"ఆ లింకు నేను వేసింది," అంది. "మా షెడ్డులో, టెస్టింగు కోసం. తియ్యడం మరిచిపోయాను."

పెద్దాయన ఆమె మొహం చూడలేదు. చేతులు చూశాడు.

"ఏ చేత్తో?"

"ఎడమ."

క్యారియరు దుంగ మీద పెట్టి లేచి నిలబడ్డాడు. కొడతాడేమోనని బాబాయ్ ఒక అడుగు ముందుకు వేశాడు. పెద్దాయన మాత్రం గేటు దాకా నడిచి, తిరిగి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"నేను వెయ్యలేదని ఎనిమిది రోజులుగా చెబుతున్నా. నా కొడుకు కూడా పక్కకు పిలిచి అడిగాడు, నిజం చెప్పు నాన్నా అని." కట్టున్న చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "వేళ్ళు నువ్వు తెచ్చివ్వలేవు. నా మాట తెచ్చివ్వు. అది నీ చేతిలో పని."

లోపల కొత్త ప్యానెల్ బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. మేనేజరు వచ్చి చెయ్యి చాపాడు.

"కాగితం ఇస్తారన్నాడు మీ సారు."

"రేపు పొద్దున తెస్తానండి. ఇందులో ఒక తప్పు పడింది, సరిచెయ్యాలి."

ఇంట్లో అత్తగారు గుమ్మంలో కూర్చుని మర్నాటి బేరానికి వంకాయలు ఏరుతోంది. పుచ్చువి ఒక బుట్టలోకి, మంచివి ఒక బుట్టలోకి. ముప్పై ఏళ్ళు తోపుడుబండి తోసిన మనిషి. చేత్తో పట్టుకుంటే చాలు, ఏ కాయలో పురుగుందో చెబుతుంది. మనుషుల విషయంలోనూ ఆ చెయ్యి పెద్దగా తప్పదు.

"ఏమే, అన్నం ముందు కూర్చుని దాన్ని బెదిరిస్తున్నావా, తింటున్నావా?"

పుర్రక్క అంతా చెప్పింది. అత్తగారు ఏరడం ఆపలేదు.

"తప్పు నీదేనా?"

"నాదే అత్తయ్యా. వైరు కొననిది ఆయన. తియ్యనిది నేను."

"మరి మధ్యలో ఆ పెద్దమనిషి ఎందుకు మోస్తున్నాడు?"

"ఒప్పుకుంటే నా పని పోతుంది. ఈ వీధిలో ఇంకే షెడ్డులోనూ రానివ్వరు."

"పోతే పోతుంది. బండికి రెండో మనిషి కావాలని ఎప్పట్నుంచో చూస్తున్నా." ఒక కాయ తీసి పుచ్చు బుట్టలోకి విసిరింది. "కాకపోతే నీ మొహానికి బేరం రాదు. నవ్వడం నేర్చుకోవాలి."

పుర్రక్క అన్నం కలుపుకుంది. తిన్నాక చెయ్యి కడుక్కుని, తన పిల్ల నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చింపుకుని కూర్చుంది.

బుధవారం ఆమె షెడ్డుకి గంట ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ ఆలస్యం కాని మనిషి కావడంతో పని ఆపి అందరూ తలలెత్తారు. నేరుగా గాజు గదిలోకి వెళ్ళి, యజమాని ముందు తన కాగితం పెట్టింది. ఈసారి కూర్చోమనలేదు. ఆమే కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన చదివాడు. మొదటిసారి వేగంగా, రెండోసారి నెమ్మదిగా.

"లింకు నీదని రాశావు. ఎర్ర వైరు అడిగితే నేను వద్దన్నానని కూడా రాశావు."

"రెండూ నిజమే కద సార్."

"నిజమే, కాదన్నానా? నిజాన్ని పట్టుకెళ్ళి బజార్లో పెడితే ఎవడు కొంటాడమ్మా? నువ్వు లెక్క తెలిసిన మనిషివి. చెప్పు, ఇందులో నీకు లాభం ఏముంది?"

"లేదు సార్."

"నాకు?"

"మీకూ లేదు."

"వాడికి? తెగిన వేళ్ళు మొలుస్తాయా?"

"మొలవవు. చెయ్యని పని చేశానని ఒప్పుకోవాల్సిన అవసరం మాత్రం ఉండదు."

యజమాని కాగితాన్ని రెండుగా చింపాడు. నాలుగుగా చింపాడు. ముక్కల్ని బల్ల చివర ఒకదాని మీద ఒకటి పేర్చాడు. తొందరేం లేదన్నట్టు చేశాడు ఆ పని.

"ఇప్పుడు టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టు. లేదా ఆ స్క్రూడ్రైవర్లు బల్ల మీద పెట్టేసి వెళ్ళు. ఈ వీధి మొత్తం నాకు తెలిసినవాళ్ళే."

"మీరు చింపింది నకలు సార్."

ఆయన చెయ్యి ముక్కల మీదే ఆగిపోయింది.

"అసలుది పొద్దున్నే మేనేజరు చేతిలో పెట్టి వచ్చాను. పుస్తకాల ఫొటోలు కూడా ఇచ్చాను. గేటు బయట ఆ పెద్దాయనకి చదివి వినిపించాకే లోపలికి వెళ్ళాను." కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "మీకు ఇంకోటి చెప్పాలని వచ్చాను. ఆ పదహారు రోజుల్లో పోయిన ప్యానెళ్ళు ఇంకా నాలుగున్నాయి. వాటిల్లోనూ లింకు ఉంటే, రేపో ఎల్లుండో ఫ్యూజు పోతే, అప్పుడు మనకు తెలీదని రాయడానికి ఉండదు. తెలుసని నేను ఇవాళ చెప్పేశాను. ఈ గది బయట అందరూ విన్నారు."

నిజంగానే బయట ఒక్క ప్లయరు చప్పుడు లేదు.

యజమాని గాజులోంచి బయటికి చూశాడు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. లాభం ఎటు మొగ్గితే అటు నడిచే మనిషి. ఇప్పుడు మొగ్గు ఎటుందో చూసుకోడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఫోను తీసి ఆ నలుగురు కొనుగోలుదార్లలో మొదటివాడికి కలిపాడు.

"నమస్కారమండి. ఏం లేదు, మా షెడ్డు తరఫున పాత కస్టమర్లందరికీ ఊరికే ఒకసారి తనిఖీ చేసి పెడుతున్నాం. రేపు మా వాళ్ళు వస్తారు. అబ్బే, దీనికి డబ్బులేంటండి, మన మధ్య."

నాలుగు ఫోన్లూ అయ్యాక ఆమె వైపు తిరిగాడు.

"ఆ నాలుగూ చూసి రా. ఆ తర్వాత నిన్ను తీసేస్తా."

"నాలుగూ చూసి వచ్చాక," అంది పుర్రక్క లేస్తూ, "ఉండాలో వెళ్ళాలో నేను చెబుతాను. పోయినసారి తెచ్చింది అయిపోయింది, ముందు ఎర్ర చుట్ట తెప్పించండి. అది బల్ల మీదికి వచ్చేదాకా నేను ఏ ప్యానెల్‌కీ టెస్టింగు లింకు వెయ్యను."

బయటికి వచ్చేసరికి మీటరు బాబాయ్ తన మెడలో మీటరు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనూ టెస్టింగు చెయ్యను," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. పద్నాలుగేళ్ళలో ఆయన మెడ ఖాళీగా చూడటం ఆమెకి అదే మొదటిసారి.

గురువారం వ్యాను బయల్దేరేసరికి పెద్దాయన షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తా. చూడాలి."

"మిల్లులో ఏమన్నారు?"

"సంతకం పెట్టమన్న కాగితం నా ముందే చించాడు మేనేజరు. తప్పైందని మాత్రం అనలేదు. రంపం దగ్గరికి రానిచ్చేది లేనిది వచ్చే వారం చెబుతారట. అప్పటిదాకా దుంగ మీద కూర్చుంటే నడుం నొప్పి." ముందు సీట్లోకి ఎక్కాడు. "నీ మీద కోపం పోయిందనుకోకు."

"అనుకోవట్లేదు."

మొదటి ప్యానెల్ రాళ్ళు కోసే చోట. లింకు లేదు. రెండోది ప్లాస్టిక్ గొట్టాల కంపెనీలో. లేదు. మూడోదాంట్లోనూ లేదు. బాబాయ్ మొహం తేటపడింది. "ఒక్కటేనమ్మా ఆ రోజు పొరపాటు," అన్నాడు. పుర్రక్కకి మాత్రం మిగిలిన ఆ ఒక్కదాని మీదే ధ్యాస ఉంది.

నాలుగోది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఉంది. తడి బట్టల్ని గిరగిరా తిప్పి నీళ్ళు పిండే పెద్ద డ్రమ్ము అది. దాని మీద పనిచేసే ఆవిడ చేతులు తుడుచుకుంటూ పక్కకు జరిగింది. పుర్రక్క మెయిన్ ఆపి తలుపు తెరిచింది. పెద్దాయన ఎడమచేత్తో టార్చి పట్టుకున్నాడు. వెలుతురు అటూ ఇటూ ఊగింది.

"పుర్రచెయ్యి ఇంకా అలవాటు కాలేదు," అన్నాడు. "ఇక నేనూ నీ జట్టే కదా."

"మెల్లగా అవుతుంది. మోచెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోండి."

వెలుతురు నిలబడింది. పన్నెండు టెర్మినళ్ళు, పన్నెండు బూడిదరంగు వైర్లు. ఐదుకీ ఆరుకీ మధ్య పదమూడోది.

పుర్రక్క రెండు స్క్రూలూ వదులు చేసి ముక్కని లాగి, టార్చి వెలుతుర్లో తిప్పి చూసి, పెద్దాయన కట్టు మీద పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి జేబులో వేసుకున్నాడు.

"ఏంటక్కా అది?" అంది డ్రమ్ము ఆవిడ.

"నా తప్పు. ఆరు నెలలుగా ఇక్కడ ఉంది. స్టాప్ నొక్కాక, మూత తీసేముందు మీరు లెక్కపెడతారా?"

"పదికి ఆగుతుంది. లెక్కపెట్టి మూత తీసి చెయ్యి పెడతా. ఎందుకు?"

బ్రేకు చెడితే ఏమవుతుందో చూడాలని పుర్రక్క బ్రేకు ఫ్యూజు పీకి గుప్పిట్లో పట్టుకుంది. తలుపు మూసి మెయిన్ వేసింది.

"స్టార్ట్ నొక్కండి."

ఆవిడ నొక్కింది. డ్రమ్ము కదల్లేదు.

"పాడు చేశారేంటి, పొద్దుట్నుంచీ బాగా తిరిగిందే. దుప్పట్లన్నీ లోపలే ఉన్నాయి నాకు."

"మళ్ళీ నొక్కండి."

ఆవిడ బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కింది. ప్యానెల్ మీద ఎర్ర దీపం వెలిగింది. డ్రమ్ము బిగదీసుకుని అలాగే ఉండిపోయింది. పద్నాలుగేళ్ళుగా మోటార్లు తిరగాలని వైర్లు బిగించిన మనిషి, ఆ తిరగని మోటారు ముందు ఫ్యూజు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి నొక్కండి," అన్నాడు పెద్దాయన వెనక నుంచి.

ఆవిడ నొక్కింది. అది కదలనంది.